ఫ్రీలాన్స్ వదిలి ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగంలో చేరాలా? ఆఫర్ లెటర్‌ని వెనక నుంచి చదవండి

ఏడేళ్లు ఫ్రీలాన్స్‌గా టెక్నికల్ రైటింగ్ చేశాక నాకు ఒక ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగం ఆఫర్ వచ్చింది. గడువు 12 నెలలు. 9 పేజీల లెటర్‌లో జీతం మొదటి పేజీలోనే బోల్డ్‌లో ఉంది. గడువు ముగిసే తేదీ రెండో పేజీలో మామూలు అక్షరాల్లో ఉంది. నోటీస్ పీరియడ్ మాత్రం ఏడో పేజీలో, 'ఇతర నిబంధనలు' కింద ఎక్కడో ఉంది. నేనూ ఆ వరసలోనే చదివాను, ఆ వరసలోనే విలువ ఇచ్చాను. ఇప్పుడు ఎవరైనా సలహా అడిగితే వెనక పేజీ నుంచి మొదలుపెట్టమంటాను.

చాలామంది ఈ ప్రశ్నని "స్వేచ్ఛ కావాలా, భద్రత కావాలా" అన్నట్టు పెట్టుకుంటారు. పర్మనెంట్ ఉద్యోగం గురించైతే అలా ఆలోచించొచ్చు. ఫిక్స్‌డ్ టర్మ్ సంగతి వేరు. నెలనెలా జీతం వస్తుంది, నిజమే. కానీ చేరే రోజే వెళ్లే రోజు కూడా రాసి ఇస్తారు. రెండు దారుల్లోనూ ఖాళీ రోజులు ఉన్నాయి. ఫ్రీలాన్స్‌లో అవి ఏడాది పొడవునా అక్కడక్కడా చల్లి ఉంటాయి. ఫిక్స్‌డ్ టర్మ్‌లో అన్నీ మూటగట్టి చివర్లో చేతిలో పెడతారు. కాబట్టి పోల్చాల్సింది నెల జీతాన్ని నెల ఆదాయంతో కాదు. గడువు మొత్తాన్నీ, దాని తర్వాత వచ్చే ఖాళీని కూడా కలిపి పోల్చాలి.

రోజుకు 100 అంటే జీతంలో ఎంత

ఆఫర్ వచ్చిన వారంలో ఒక పని చేశాను, అది మాత్రం మంచి పనే. గడిచిన ఏడాది క్యాలెండర్ ముందేసుకుని ఒక్కో రోజుకీ రంగు వేశాను. ఇన్‌వాయిస్‌లోకి ఎక్కిన రోజుకి ఆకుపచ్చ. కొటేషన్లు రాయడం, కొత్త క్లయింట్‌తో కాల్స్, రాని డబ్బు కోసం "ఒకసారి చూడగలరా" అంటూ మూడోసారి మెయిల్ పెట్టడం, ఇలాంటి రోజులకి పసుపు. పని లేని రోజుకి బూడిద రంగు. వేయకముందు నన్నడిగితే ఏడాదంతా బిజీగానే ఉన్నానని చెప్పేవాణ్ణి.

365 రోజుల్లో శని, ఆదివారాలు 104 పోతే 261. సెలవు రోజులు 10, నేను తీసుకున్న విరామం 15, ఒంట్లో బాగోలేనివి 6 తీసేస్తే 230. అందులో ఆకుపచ్చవి 150, పసుపు 52, బూడిద 28. అంటే ఏడాదంతా బిజీగా ఉన్న మనిషికి డబ్బు వచ్చింది 150 రోజులకే.

ఇప్పుడు లెక్క. నా రోజు రేటు 100 అనుకుందాం, ఏ కరెన్సీ అయినా సరే. 150 రోజులకి 15,000. సాఫ్ట్‌వేర్, ఇన్సూరెన్స్, అకౌంటెంట్ ఫీజు, పాతబడిన లాప్‌టాప్ మార్చడం, అన్నీ కలిపి నాకు దాదాపు 12 శాతం పోయేది. మిగిలింది 13,200. ఉద్యోగికి సెలవు రోజులకీ, జ్వరమొచ్చి పడుకున్న రోజులకీ కూడా జీతం వస్తుంది కాబట్టి దీన్ని 261తో భాగించాలి. వచ్చేది 50.6. అంటే రోజుకు 100 తీసుకునే నాకూ, రోజుకు 51 జీతం వచ్చే ఉద్యోగికీ ఏడాది చివర్లో మిగిలేది ఒకటే. ఆఫర్‌లో రోజుకు 65 పడుతోంది. నేను ఎగిరి గంతేశాను.

తప్పు అక్కడే జరిగింది. 51తో పోల్చి ఆగిపోయాను. గడువు అయ్యాక మళ్లీ పని దొరకడానికి 3 నెలలు పడుతుందనుకోండి. అప్పుడు 12 నెలల జీతంతో 15 నెలలు గడవాలి. ఫ్రీలాన్స్‌గానే ఉంటే ఆ 15 నెలల్లో నాకు మిగిలేది 16,500. దాన్ని 261 జీతం రోజులకి పంచితే 63 వస్తుంది. ఆఫర్ 65. లాభం ఉందిగానీ గంతేసేంత లేదు.

మీ లెక్క నా లెక్కలాగే రావాలని లేదు. ఒకే పెద్ద క్లయింట్ దగ్గర ఏడాదికి 220 రోజులు బిల్ చేసే డెవలపర్‌కి, అదే 12 శాతం ఖర్చుతో, ఖాళీని కలపకముందే 74 వస్తుంది. 3 నెలల ఖాళీ కూడా కలిపితే 93కి చేరుతుంది. అతను 65 ఆఫర్‌కి ఒప్పుకుంటే చేతులు కాల్చుకున్నట్టే. రేటులో సగం జీతం వస్తే చాలని ఒకరు, మూడొంతులు ఉండాలని ఇంకొకరు చెప్పే సూత్రాలన్నీ ఎవరి క్యాలెండర్ నుంచి వారు తీసినవే. ముందు మీ రంగులు మీరు వేసుకోండి.

జీతం వైపు కలపాల్సినవి కూడా ఉన్నాయి. రిటైర్‌మెంట్ నిధికి యాజమాన్యం వేసే వాటా, కుటుంబానికి ఆరోగ్య బీమా, వాడుకోని సెలవులకి ఇచ్చే డబ్బు, ఇవన్నీ జీతం కిందే లెక్క. అయితే ఒక మెలిక ఉంది. కొన్ని చోట్ల యాజమాన్యం వాటా పూర్తిగా మీదవ్వాలంటే ఇన్నేళ్లు పనిచేసి ఉండాలంటారు. బోనస్ ఇచ్చే రోజుకి మీరు రోల్స్‌లో ఉండాలంటారు. మీ గడువు మార్చిలో ముగిసి బోనస్ ఏప్రిల్‌లో ఇస్తే, ఆ బోనస్ కాగితం మీద ఉన్నా మీకు లేనట్టే. ఇలాంటి వాటిని లెక్కలో సున్నా వేసుకోవడమే మంచిది.

12 నెలలు అంటే నిజంగా 12 నెలలేనా

ఈ ప్రశ్న అడగకుండా సంతకం పెట్టేవాళ్లే ఎక్కువ. నేనూ పెట్టాను.

పేరులో 'ఫిక్స్‌డ్' అని ఉంది కదా అని గడువు వరకూ ఉద్యోగం గ్యారంటీ అనుకుంటాం. చాలా లెటర్లలో ముగింపు తేదీతో పాటు "ఇరువైపులా ఎవరైనా 30 రోజుల నోటీస్‌తో రద్దు చేసుకోవచ్చు" అని కూడా ఉంటుంది. ఆ ఒక్క వాక్యంతో 12 నెలలు మీకు గ్యారంటీ కాకుండా పోతాయి. అంతకుమించి ఉంచుకోం అన్న హద్దుగా మాత్రమే మిగులుతాయి. అప్పుడు మీ చేతిలో ఉన్నది 30 రోజుల కాంట్రాక్ట్, రోజూ దానంతటదే పొడిగించుకుంటూ పోతుంది, అంతే. నా ఫ్రీలాన్స్ ఒప్పందాల్లో ఒకదానికి 45 రోజుల నోటీస్ ఉండేది. దాన్ని వదులుకుని 'భద్రత' కోసం 30 రోజులకి వెళ్లానన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా వెలిగింది.

ఎనిమిదో నెలలో ప్రాజెక్ట్ ఆపేశారు. మీటింగ్ 15 నిమిషాలకి పెట్టారు, 6 నిమిషాల్లో అయిపోయింది. కంపెనీ మాట తప్పలేదు, ఏడో పేజీలో ఉన్నదే చేసింది. తొమ్మిదో నెలాఖరుకి బయటికొచ్చాను. తర్వాత మళ్లీ నిలదొక్కుకోవడానికి 4 నెలలు పట్టింది. పై లెక్కలో పెడితే 9 నెలల జీతం దాదాపు 12,700. దాంతో 13 నెలలు గడిపాను. ఫ్రీలాన్స్‌గానే ఉండుంటే 14,300 మిగిలేది.

నోటీస్ నిబంధన లేని కాంట్రాక్ట్ దొరికితే మంచిదే కదా అంటారేమో. అక్కడా చూసుకోవాలి. ఆ నిబంధన లేకపోతే మీరూ మధ్యలో వదిలి వెళ్లలేకపోవచ్చు, వెళ్తే వాళ్లు నష్టపరిహారం అడగొచ్చు. నా మాట ఏంటంటే, నోటీస్ ఉండనివ్వండి, కానీ వాళ్లవైపు నుంచి 30 కాకుండా 60, 90 రోజులు అడగండి. లేదా మొదటి 6 నెలలు రద్దు చేయకూడదని రాయించుకోండి. జీతం పెంచమంటే పది మందిని అడగాలంటారు. నోటీస్ రోజులు మార్చడానికి అంత తర్జనభర్జన ఉండదు. చాలామంది అడగరు కాబట్టి, అడిగితే దొరుకుతుంది కూడా.

పర్మనెంట్ ఎందుకు కాదు?

ఇంటర్వ్యూలో ఇది మొహమాటం లేకుండా అడగాల్సిన ప్రశ్న. జవాబుని బట్టి గడువు తర్వాత ఏం జరగబోతోందో సగం తెలిసిపోతుంది.

ప్రసూతి సెలవులో ఉన్నవారి స్థానంలో తీసుకుంటున్నామంటే, ఆమె తిరిగొస్తారు, మీరు వెళ్తారు. ఇది అన్నిటికంటే నిజాయితీగల కారణం. రెన్యువల్ మీద ఆశ పెట్టుకోవద్దు, కానీ గడువు మధ్యలో తీసేసే అవకాశం కూడా తక్కువే, ఎందుకంటే ఆ పని ఎలాగూ ఎవరో ఒకరు చేయాలి.

ఫలానా ప్రాజెక్ట్‌కి నిధులొచ్చాయి, అందుకని అంటే, నిధులు ఎప్పటివరకు ఉన్నాయో, రెండో విడత ఎవరు మంజూరు చేస్తారో అడగండి. నిధులు 24 నెలలకి ఉండి మీకు 12 నెలలే ఇస్తుంటే రెన్యువల్‌కి చోటుందన్నమాట.

"ప్రస్తుతానికి పర్మనెంట్ పోస్టులకి అనుమతి లేదు, వచ్చే ఏడాది చూద్దాం." నాకు చెప్పింది ఇదే. అబద్ధమని అనను. చెప్పిన మేనేజర్ మనస్ఫూర్తిగానే నమ్మి ఉంటాడు. కానీ అనుమతి ఇచ్చేది అతను కాదు. ఇంతకుముందు ఇలా చేరిన వాళ్లలో ఎంతమంది పర్మనెంట్ అయ్యారని అడిగితే అంకె చెప్పగలగాలి. "చాలామందే" అంటే ఎవరూ కాలేదని అనుకుని నిర్ణయం తీసుకోండి.

నాలుగో కారణం మీరు ఇప్పటికే వాళ్లకి ఫ్రీలాన్స్‌గా పనిచేస్తున్నప్పుడు వస్తుంది: "మా లీగల్ వాళ్లు ఇక కాంట్రాక్టర్లు వద్దంటున్నారు, పేరోల్‌లోకి రండి." మీరు ఎప్పుడు కూర్చోవాలో వాళ్లే చెప్తూ, వాళ్ల లాప్‌టాప్ మీద, వాళ్ల మేనేజర్ కింద, మీ బదులు ఇంకొకరిని పంపే వీలు లేకుండా ఏళ్లతరబడి పనిచేస్తుంటే, పేరుకి ఫ్రీలాన్సరైనా చట్టం దృష్టిలో మీరు ఉద్యోగి కావచ్చు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో ఇచ్చిన 198వ సిఫార్సు కూడా ఒప్పందానికి ఏ పేరు పెట్టారన్నది కాదు, పని నిజంగా ఎలా జరుగుతోందన్నది చూడమంటుంది. బ్రిటన్‌లో, పేరుకి కాంట్రాక్టరైనా ఉద్యోగిలా పనిచేసేవాళ్లకి ఉద్యోగిలాగే పన్ను వేసే ఐఆర్35 అనే నిబంధన 2000 నుంచీ ఉంది. 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు రంగంలోని మధ్యస్థ, పెద్ద కంపెనీల విషయంలో కాంట్రాక్టర్ హోదా తేల్చే బాధ్యత కంపెనీల మీదే పెట్టాక, ఎందుకొచ్చిన గొడవని చాలా కంపెనీలు మనుషుల్ని పేరోల్‌లోకి మార్చాయి. ఈ కారణంతో ఆఫర్ వస్తే బేరమాడే బలం మీకుంది. అవసరం వాళ్లది. పని మీకు ముందే తెలుసు. పాత రోజు రేటుని 261తో గుణించి "ఇంత ఇవ్వలేం కదా" అని వాళ్లు నవ్వుతారు, మీరూ నవ్వి మీ క్యాలెండర్ లెక్క చూపించండి.

చట్టం ఎంతవరకు తోడొస్తుంది

ఇది దేశాన్ని బట్టి చాలా మారుతుంది, అందుకే కొద్దిగానే చెప్తాను. యూరోపియన్ యూనియన్‌లో 1999 నాటి ఆదేశం ప్రకారం ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగిని, సరైన కారణం లేకుండా, అదే పని చేసే పర్మనెంట్ ఉద్యోగి కంటే తక్కువగా చూడకూడదు. జర్మనీలో ప్రత్యేక కారణం చూపకుండా ఇచ్చే గడువు సాధారణంగా 2 ఏళ్లు దాటకూడదు, ఆ లోపల పొడిగింపులు 3కి మించకూడదు. బ్రిటన్‌లో వరస కాంట్రాక్టులతో 4 ఏళ్లు నిండితే, యాజమాన్యం తగిన కారణం చూపలేకపోతే, మీరు పర్మనెంట్ కిందే లెక్క. జపాన్‌లో 5 ఏళ్లు దాటితే గడువు లేని ఉద్యోగంగా మార్చమని అడిగే హక్కు వస్తుంది. మన దేశంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ ప్రకారం ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ వర్తిస్తుంది, అయిదేళ్లు ఆగక్కర్లేదు.

ఫ్రీలాన్సర్‌కి వీటిలో ఒక్కటీ వర్తించదు. కానీ ఒకటి గమనించండి: మీకిస్తున్న గడువు ఇలాంటి హద్దుకి కాస్త ఇవతలే ఆగిపోతుంటే, 12 బదులు 11 నెలలు ఇస్తుంటే, ఆ అంకె ఊరికే పడలేదు.

చేరాక తెలిసే సంగతులు

ఉద్యోగం చేస్తున్నన్నాళ్లూ పాత క్లయింట్లు మీ కోసం కాచుకుని కూర్చోరు. నాకు ముగ్గురు పక్కా క్లయింట్లు ఉండేవాళ్లు. తొమ్మిది నెలల తర్వాత ఫోన్ చేస్తే ఒకరు వెంటనే పని ఇచ్చారు, ఒకరు వేరే రైటర్‌ని పెట్టుకున్నారు, మూడో చోట నాకు తెలిసిన మనిషే లేడు. ఫ్రీలాన్సర్‌కి ఆస్తి అంటే ఈ పరిచయాలే, వాడకుండా పెడితే తుప్పు పడతాయి. ఉద్యోగంలో ఉండగా నెలకి రెండు రోజులైనా బయటి పని చేసుకోనిస్తారా అని ముందే అడగండి. చాలా లెటర్లలో "ఇతర ఆదాయ వ్యాపకాలు నిషేధం" అన్న వాక్యం ఉంటుంది. కొట్టేయమంటే ఒప్పుకోకపోవచ్చు. ఇద్దరు క్లయింట్ల పేర్లు రాసి వీళ్లకి మినహాయింపు ఇవ్వమంటే ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

ఇంకోటి హక్కులు. ఉద్యోగిగా చేసిన పని కంపెనీదే అవుతుంది, అది సహజం. కానీ ఏళ్లుగా మీరు తయారుచేసుకున్న టెంప్లేట్లు, కోడ్ ముక్కలు, డిజైన్ కిట్లు తీసుకెళ్లి అక్కడ వాడితే రేపు ఎవరివన్న గొడవ రావచ్చు. చేరకముందే వాటి జాబితా ఒక పేజీ రాసి లెటర్‌కి జతచేయించండి. దీని మీద గంట సేపు వెచ్చించండి చాలు.

రోజువారీ జీవితం గురించి ఎక్కువ చెప్పను. మీటింగులు ఉంటాయి. సెలవుకి అడగాలి. మధ్యాహ్నం మూడింటికి బుర్ర పనిచేయకపోయినా స్క్రీన్ ముందు కూర్చోవాలి. నెలాఖరున ఫోన్‌లో జీతం పడిన మెసేజ్ చూసినప్పుడు ఇవేవీ గుర్తురావు. ఆ 9 నెలలూ నేను ఒక్క రిమైండర్ మెయిల్ కూడా పెట్టలేదు, ఆ టెన్షన్ లేని నిద్ర వేరు.

డబ్బు లెక్కలో ఓడిపోయినా నేను చేరడం వృథా అనుకోను. ఏడేళ్లలో నా రాతని మొదటి వాక్యం నుంచి చివరి దాకా చదివి దిద్దినవాళ్లు లేరు. క్లయింట్లు "బాగుంది" అని డబ్బు పంపేవాళ్లు, లేదా "బాగోలేదు" అని మాయమయ్యేవాళ్లు. ఇక్కడ ఒక సీనియర్ ఎడిటర్ నా పక్కనే కూర్చుని ప్రతి పేజీ దిద్దింది. మొదటి నెల వెనక్కి వచ్చిన ఫైల్‌లో ఎర్ర గీతలు లేని పేరా లేదు. ఆ తర్వాత నేను అడిగే రోజు రేటు 100 నుంచి 120కి పెరిగింది. కాబట్టి టీమ్‌లో మీకంటే బాగా పని తెలిసినవాళ్లుంటే జీతం కాస్త తగ్గినా చేరొచ్చంటాను. మీరే అక్కడ సీనియర్ అయి, నేర్పడమే తప్ప నేర్చుకోవడం లేకపోతే, పూర్తి రేటు అడగండి.

ఎవరికి ఏది

ఏడాదిలో మీ బూడిద రంగు రోజులు ఎక్కువగా ఉండి, కొత్త పని వెతకడమంటేనే నీరసం వస్తుంటే, ఫిక్స్‌డ్ టర్మ్ తీసుకోండి. ఇంట్లో ఆరోగ్య ఖర్చు పొంచి ఉంటే బీమా కోసమైనా తీసుకోవచ్చు, కాకపోతే బీమా మొదటి రోజు నుంచే వర్తిస్తుందో లేదో, ఉద్యోగం అయ్యాక సొంతంగా కొనసాగించుకోవచ్చో లేదో కనుక్కోండి. ఇంటి లోన్ కోసం చేరదామనుకుంటే ముందు లోన్ ఇచ్చేవాళ్లని అడగండి. పేస్లిప్ చూసి సంతోషించినా, ముగింపు తేదీ చూసి వెనక్కి తగ్గొచ్చు.

చేతినిండా పని ఉండి, డబ్బు మాత్రమే ఆలస్యంగా వస్తుంటే ఉద్యోగం వద్దు. మీ సమస్య వసూళ్లు. అడ్వాన్స్ అడగడం, ఇన్‌వాయిస్ గడువు తగ్గించడం, సతాయించే క్లయింట్‌ని వదిలేయడం, వీటితో తీరుతుంది.

ఎటూ తేల్చుకోలేకపోతే మూడో దారి కూడా ఉంది. ఆఫర్ ఇచ్చినవాళ్లనే నెలకి ఇన్ని రోజులు తప్పకుండా తీసుకునే రిటైనర్ ఇస్తారా అని అడగండి. నెలకి 12 రోజులు, 60 రోజుల నోటీస్ అనుకుంటే ఏడాదికి 144 రోజులు ముందే నిండిపోతాయి. నా క్యాలెండర్‌లో ఆకుపచ్చవి మొత్తం 150 మాత్రమే. నేను ఆ మాట అడగనే లేదు.

ఒకవేళ చేరితే, ముగింపు తేదీకి 4 నెలల ముందు ఒక రోజుని ఇప్పుడే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఆ రోజు పాత క్లయింట్లకి క్షేమ సమాచారం అడుగుతూ రెండు లైన్లు పంపండి, మీ మేనేజర్‌ని రెన్యువల్ సంగతి రాతపూర్వకంగా అడగండి. "చూద్దాం" అని జవాబొస్తే పాత క్లయింట్లకి రెండో మెసేజ్ పెట్టండి, ఈసారి ఏ తేదీ నుంచి ఖాళీగా ఉంటారో కూడా రాయండి.